మొక్కకు బాత్రూమ్ డ్యూటీ

మా బాత్రూమ్ ఏడున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అంటే ముప్ఫై చదరపు అడుగులు, దాదాపు 2.8 చదరపు మీటర్లు. స్నానం, కమోడ్ రెండూ ఒకే గదిలో ఉంటే దానికి కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలని, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదని నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉంది. లెక్కేసి చూస్తే మా బిల్డర్ ఆ కనీసాన్ని టేపు పెట్టి కొలిచి, పైన ఒక్క అంగుళం కూడా వృథా పోనివ్వలేదని తెలుస్తుంది. అందులోనే కమోడ్, వాష్ బేసిన్, గీజర్, రెండు బకెట్లు, ఒక ప్లాస్టిక్ స్టూలు, మా అత్తగారి రాగి చెంబు. ఇంత సంతలో నేను మొక్కలు కూడా పెట్టాలనుకున్నాను. అదీ ఒకేసారి ఐదు.

తప్పు పూర్తిగా నాది అనలేను. ఫోన్‌లో ఒక్కసారి బాత్రూమ్ మొక్కల ఫోటో మీద వేలు ఆగిందంటే చాలు, ఆ తర్వాత నెల రోజులు అవే కనిపిస్తాయి. తెల్లటి టబ్బు, దాని పక్కన నిలువెత్తు కిటికీ, పైనుంచి జలపాతంలా దిగిన ఈకల్లాంటి ఆకుల ఫెర్న్‌లు, గోడ మీద మూడు వరసల కుండీలు. ఆ ఫోటోల్లో నాకు చాలా ఆలస్యంగా కనిపించిన సంగతి ఒకటుంది. వాటిలో నేల పొడిగా ఉంటుంది. బకెట్ ఉండదు. ఆ ఇంటివాళ్లు గాజు తలుపు మూసుకుని ఒక మూల స్నానం చేస్తారు, లేదా టబ్బులో కూర్చుంటారు. మిగతా గదంతా డ్రాయింగ్ రూమ్‌తో సమానం. మనది అలా కాదు కదా. మగ్గుతో నాలుగు చెంబులు గుమ్మరించుకున్నామంటే ఎదుటి గోడ నడుం దాకా తడుస్తుంది. ఆదివారం తలంట్లయితే కుంకుడుకాయ నురగ కమోడ్ మూత మీద కూడా కనిపిస్తుంది. వాళ్ల గదికి సరిపోయిన అలంకరణ తెచ్చి మన గదిలో పెడితే, మొదటి వారంలోనే కుండీలో మట్టికి సబ్బునీళ్ల అభిషేకం మొదలవుతుంది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. చిన్న బాత్రూమ్‌లో ఒక్క మొక్క చాలు. అదీ అక్కడే కాపురం పెట్టకూడదు, వంతుల మీద వచ్చి పోవాలి. ఆ ఒక్కటీ ఎక్కడ ఉండాలో మన ముచ్చట బట్టి కాకుండా వెలుతురు బట్టి తేలాలి. వెలుతురే లేని బాత్రూమ్ అయితే మొక్క ఆలోచన మానుకోవడం మేలు. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక ఫెర్న్, ఒక స్నేక్ ప్లాంట్, ఒక వాష్ బేసిన్ అంచు ఖర్చయ్యాయి.

మొదట ఫెర్న్ సంగతి. నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో కొన్నాను. బోస్టన్ ఫెర్న్, మూడు వందల యాభై రూపాయలు, బేరమాడితే ఇరవై తగ్గించాడు. "దీనికి తడి అంటే ప్రాణం మేడమ్, బాత్రూమ్‌లో అద్భుతంగా వస్తుంది" అన్నాడు అమ్మే అబ్బాయి. అతను అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. ఫెర్న్‌కి గాలిలో తేమ కావాలన్నది నిజమే. తెచ్చి ఫ్లష్ ట్యాంక్ మీద పెట్టాను. మొదటి వారం దాని అందం చూసి మా ఆయన కూడా మాట్లాడలేదు. రెండో వారం లోపలి ఆకులు పసుపు తిరిగాయి. మూడో వారం నుంచి చీపురు పట్టుకుని ఆ గదిలో అడుగు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు ఆకులు. ఐదో వారానికి కుండీలో పుల్లలు మిగిలాయి. నీళ్లు తక్కువయ్యాయని ఒకసారి, ఎక్కువయ్యాయని ఒకసారి, దిష్టి తగిలిందని ఒకసారి అనుకున్నాను. వెలుతురు తక్కువని ఒక్కసారి కూడా తట్టలేదు, ఎందుకంటే లైటు వేస్తే నాకు గది అంతా తెల్లగా కనిపిస్తోంది మరి.

ఇక్కడే మన కన్ను మోసం చేస్తుంది. ఎండలోంచి ఇంట్లోకి రాగానే ఒక్క క్షణం చీకటిగా ఉంటుంది, తర్వాత అంతా మామూలే. కంటిపాప సర్దుకుంటుంది, మెదడు సర్దుకుంటుంది. ఆకుకు ఆ సర్దుబాటు లేదు, దానికి పడినంతే ముట్టినట్టు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) దాకా ఉంటుంది. మన హాల్లో రాత్రి లైట్లు వేసుకుంటే వంద, రెండు వందలు. రెండూ మన కంటికి 'వెలుగే'. ఫెర్న్ పోయాక ఫోన్‌లో ఒక ఉచిత లైట్ మీటర్ యాప్ వేసుకుని పగలు పదకొండు గంటలకు, లైట్లన్నీ ఆర్పేసి కొలిచాను. బాల్కనీ నీడ మూలలో 6,000. బాత్రూమ్ వెంటిలేటర్ గట్టు మీద 430. బేసిన్ దగ్గర 70. ఫ్లష్ ట్యాంక్ మీద 40. బకెట్ల మూల 11. ఫోన్ యాప్ లెక్క బంగారం తూకమేమీ కాదు గానీ, గట్టుకూ మూలకూ తేడా నలభై రెట్లు అని చెప్పడానికి ఆ మాత్రం చాలు. నేను ఫెర్న్‌ని పెట్టిన చోట దానికి అందింది బాల్కనీ నీడలో నూట యాభయ్యో వంతు.

తేమ ఉంటే ఫెర్న్ వస్తుందన్న నమ్మకం నాకు నర్సరీ అబ్బాయి కంటే ముందే ఉంది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పెరటి బావి ఒరల సందుల్లో ఫెర్న్‌లు గుబురుగా పెరిగేవి. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. చేద లాగుతుంటే ఒలికే నీళ్లే వాటి ఆధారం. వంగి చూస్తే అడుగున మన ముఖం, చుట్టూ ఆకుపచ్చ అంచు. బాత్రూమ్ కూడా బావి లాంటిదే కదా, చల్లగా, తడిగా, నీడగా అనుకున్నాను. బావికి పైన ఆకాశం ఉంటుందన్న సంగతి మరిచిపోయాను. ఆ ఫెర్న్‌లు కూడా ఒరల పైభాగంలోనే ఉండేవి, లోతుకు పోయేకొద్దీ పలచబడి చివరికి ఉత్త సిమెంటు, నాచు. మా బాత్రూమ్ ఆ లోతు దగ్గరి కథ.

తడి, వెలుతురు రెండూ కలిస్తే ఏమవుతుందో చూపించిన పాత ఉదంతం ఒకటుంది. లండన్ తూర్పు వైపు, బొగ్గు పొగ కమ్ముకున్న వీధుల్లో నతానియల్ వార్డ్ అనే డాక్టరు ఉండేవాడు. పెరట్లో ఫెర్న్‌లు పెంచాలని ఎంత ప్రయత్నించినా పొగకు చచ్చిపోయేవి. 1829లో ఏదో సీతాకోకచిలుక లాంటి పురుగు గూడును తడిమట్టిలో పెట్టి, సీసాలో వేసి మూత బిగించాడు. పురుగు సంగతేమో గానీ, ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొలిచింది. లోపలి తేమ గాజుకు పట్టి మళ్లీ మట్టిలోకి దిగుతోంది, పొగ లోపలికి రావడం లేదు. దాని మీద అతను గాజు పెట్టెలు తయారు చేయించి 1833లో మొక్కలు నింపి ఓడ మీద సిడ్నీకి పంపాడు. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం చేసి అవి బతికి బట్టకట్టాయి. తర్వాత చైనా నుంచి వేల తేయాకు మొక్కలు మన హిమాలయ పాదాలకు చేరింది ఇలాంటి పెట్టెల్లోనే. పొద్దున్నే మనం తాగే టీలో ఆ సీసాకూ కొంత వాటా ఉంది. అది గాజు పెట్టె, ఓడలో డెక్కు మీద వెలుతురు తగిలేలా పెట్టాలి. అదే చెక్క పెట్టెలో చీకట్లో పంపి ఉంటే సిడ్నీలో దిగేది ఎరువు. బాత్రూమ్ తేమ గురించి మురిసిపోయే వాళ్లందరూ ఈ కథలో గాజును వదిలేసి నీటినే పట్టుకుంటున్నారు.

వాట్సాప్‌లో తిరిగే రెండు మాటలు కూడా ఇక్కడే తేల్చేస్తాను. ఒకటి, మొక్క పెడితే బాత్రూమ్ గాలి శుభ్రపడుతుందని. నాసా వాళ్లు 1989లో చేసిన ప్రయోగం దీనికి మూలం. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసింది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్క కట్టారు. ఇంట్లో మామూలుగా గాలి మారడం వల్ల పోయే రసాయనాలను మొక్కలే పోగొట్టాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలట. మా బాత్రూమ్‌కి తక్కువలో తక్కువ ఇరవై ఎనిమిది. అప్పుడు మేం స్నానానికి పక్కింటికి వెళ్లాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్క పావుగంట వేస్తే సరిపోయే పని అది. రెండోది, స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందని. అది రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకుని దాచుకుంటుంది. ఎడారి బుద్ధి, పగలు తెరిస్తే నీరు ఆవిరైపోతుందని. ఆక్సిజన్ తయారు కావాలంటే మాత్రం దానికీ వెలుతురు ఉండాల్సిందే.

ఆ స్నేక్ ప్లాంట్‌ని బాత్రూమ్ మొక్కల జాబితాల్లో అందరూ మొదట రాస్తారు. నాకైతే అది అక్కడ కుళ్లింది. బకెట్ పక్కన నేల మీద పెట్టాను, రోజూ స్నానం నీళ్లు కుండీలో పడ్డాయి, మొదలు మెత్తబడి ఒకరోజు ఆకు పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. నర్సరీల నుంచి వచ్చే మొక్క చాలావరకు నల్ల కవర్లో గట్టి ఎర్రమట్టితో వస్తుంది. కడియం నుంచి లారీల్లో అంత దూరం వేళ్లు కదలకుండా రావాలంటే ఆ మట్టే మంచిది. మన బాత్రూమ్‌లో మాత్రం అది తడి పట్టుకుని వారాలైనా వదలదు. సగానికి సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), కాస్త ఇసుక కలిపి కుండీ మార్చాకే లోపలికి తేవాలి. ఇది ఒక్కటీ నేను ఎవరో చెబితే విని ఉండాల్సింది.

ఇక బేసిన్ అంచు. గోడకు డ్రిల్లింగ్ చేస్తే టైల్ పగులుతుంది, లోపల వాటర్‌ప్రూఫింగ్ పోయి కింది ఫ్లాట్ వాళ్లకు సీలింగ్ కారుతుంది అని అంటించే షెల్ఫ్ కొన్నాను. వెనక జిగురు కాగితం పీకి టైల్‌కి నొక్కడమే. డబ్బా మీద ఐదు కిలోలు మోస్తుందని ఉంది. మోసేదేమో, పొడిగా ఉంటే. రోజూ గీజర్ నీళ్ల ఆవిరి తగిలే చోట ఆ జిగురు ఎంతకాలం ఉంటుందో డబ్బా మీద లేదు. తడిసిన మట్టితో ఆరంగుళాల కుండీ రెండు కిలోల పైమాటే. ఒక రాత్రి ఒంటిగంటన్నరకు ఢామ్మని చప్పుడు. గీజర్ పేలిందనుకుని మా ఆయన మెయిన్ స్విచ్ ఆపడానికి పరిగెత్తారు. ఆ చీకట్లో నేను టార్చి వేసి చూస్తే బేసిన్ నిండా మట్టి, మధ్యలో మనీ ప్లాంట్ నవ్వుతున్నట్టుగా అడ్డంగా పడుకుని ఉంది, బేసిన్ అంచు మాత్రం బొటనవేలంత పెచ్చు లేచి ఉంది. ఆ పెచ్చు ఇప్పటికీ ఉంది. బ్రష్ చేసుకుంటున్నప్పుడల్లా కనిపిస్తుంది.

అది పడ్డాకే నేను అసలు ప్రశ్న వేసుకున్నాను. బాత్రూమ్‌లో నా కళ్లు ఎక్కడుంటాయి? పొద్దున మూడు నిమిషాలు అద్దంలో. తర్వాత కమోడ్ మీద, ఎదుటి గోడ వైపు. స్నానం చేస్తున్నప్పుడు కళ్లకి సబ్బు, ఏమీ కనిపించదు. మొత్తం మీద మొక్కను చూసేది ఆ అద్దం ముందు మూడు నిమిషాలే. మా గదిలో ఒక కొస బేసిన్, రెండో కొస కమోడ్, దాని పైన ఆరడుగుల ఎత్తున వెంటిలేటర్. అంటే అద్దంలో నా భుజం పక్కనుంచి కనిపించేది వెంటిలేటరే. 430 లక్స్ ఉన్న చోటూ అదే. మొక్కను అక్కడ పెడితే దానికి వెలుతురు, నాకు అద్దంలో దాని బొమ్మ. తిరిగితే అసలు మొక్క, నిలబడితే దాని నీడ. ఒక్క కుండీతో రెండు మొక్కలున్న భోగం. గట్టు వెడల్పు ఐదంగుళాలే కాబట్టి నాలుగంగుళాల కుండీ పడుతుంది, దాని ముందు ఒక సన్నటి స్టీలు కమ్మీ అడ్డం పెట్టించాను, పడిపోకుండా. కమ్మీ వెంటిలేటర్ చెక్క చట్రానికే బిగించారు, టైల్ జోలికి పోలేదు.

ఇంటీరియర్ వాళ్ల సలహాల్లో ఈ చూపు లెక్క ఉండదు. ఖాళీ కనిపిస్తే నింపమంటారు. ఫ్లష్ ట్యాంక్ ఖాళీగా ఉందా, కుండీ. అటక కింద ఖాళీగా ఉందా, వేలాడే కుండీ. చిన్న గదిలో ఖాళీ కూడా ఒక వస్తువేనని, దాన్ని కూడా మనం వాడుకుంటున్నామని మరిచిపోతారు. తువ్వాలు తీసుకోవడానికి చెయ్యి చాచే ఖాళీ, వంగి బకెట్ జరిపే ఖాళీ, డెబ్భై రెండేళ్ల మా అత్తగారు గోడ పట్టుకుని నడిచే ఖాళీ. ఆవిడ పట్టుకునే చోట తీగ పాకించి, దాన్ని డెకరేషన్ అనడం నా వల్ల కాదు.

అత్తగారి మాట వచ్చింది కాబట్టి అసలు ఆక్షేపణ చెప్పాలి. వాస్తు వాళ్లది కాదు. మనీ ప్లాంట్ బాత్రూమ్‌లో పెడితే డబ్బు పోతుందని ఒకరు, చెడు శక్తిని పీల్చేస్తుందని ఇంకొకరు అంటారు, వాళ్లలో వాళ్లే తేల్చుకోనీ. మా అత్తగారు అన్నది వేరు. "కక్కూసులో మొక్కేంటమ్మాయ్, అక్కడ దాన్ని చూసి నీళ్లు పోయాలని ఎవరికనిపిస్తుంది?" ఆవిడది పశ్చిమ గోదావరిలో ఒక పల్లె. ఆవిడ ఎరిగిన స్నానాల గది వేరు, మరుగుదొడ్డి వేరు. మొదటిది ఇంటిని ఆనుకుని తడికలతో, పైకప్పు లేకుండా. పక్కనే పొయ్యి మీద నీళ్ల కాగు. రెండోది దొడ్డి చివర, ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. ఈ రెండింటినీ కలిపేసి బెడ్రూమ్‌కి అతికించి 'అటాచ్డ్' అని పేరు పెట్టింది మన కాలం. స్నానానికి చెందిన మొక్కను మరుగు పక్కన పెట్టడమే ఆవిడకు మింగుడు పడలేదు. నేను వాదించలేదు. ఆవిడ చెప్పింది తప్పని నాకు అనిపించలేదు కూడా. తులసిని, తమలపాకుని ఆ గది దరిదాపుల్లోకి నేనూ తీసుకెళ్లను.

ఆ పాత స్నానాల గదికీ మొక్కకీ చుట్టరికం ఉండేది కాని గది లోపల కాదు. నీళ్లు గచ్చు మీదనుంచి తూములోకి, తూములోంచి చిన్న కాలవలోకి, కాలవలోంచి అరటి పాదులోకి. దారి పొడుగునా చేమ. ఎవరు స్నానం చేసినా అరటికి ఒక తడి. ఇంట్లో పదిమంది ఉంటే అరటికి పది తడులు. పెళ్లివారొచ్చిన వారం గెల బరువెక్కేదని ఆవిడ నవ్వుతూ చెబుతారు. ఫ్లాట్లలో ఆ నీళ్లు నహానీ ట్రాప్ అనే నేల జాలీలో పడి, పైపులో దిగి, ఎక్కడికి పోతాయో మనకు తెలియదు. మొక్కకు పెట్టాల్సినవి కాలవకు పెట్టి, మళ్లీ కుళాయి తిప్పి మొక్కకు పోస్తున్నాం. పైగా మా దగ్గర వచ్చేది బోరు నీళ్లు. ఆకుల మీద చిలకరిస్తే తెల్లటి మచ్చలు కట్టేంత సున్నం. మొక్కకు నేను తాగునీటి ఫిల్టర్ నుంచి పారబోయే నీళ్లు కూడా వాడను, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ. వానాకాలం బాల్కనీలో పట్టిన వాననీళ్లే రెండు డబ్బాల్లో దాచి వాడతాను. అంతకు మించి దీనికి నా దగ్గర పరిష్కారం లేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడే, నేను ఇంట్లో లేనప్పుడు, మనీ ప్లాంట్ ముదురు ఆకులు చేత్తో తుంచి సర్దారు. నేను వచ్చేసరికి చింతపండు నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. దురద. "ఇది చేమ జాతే అమ్మాయ్, నాకు తెలీదనుకున్నావా?" అన్నారు. వెతికి చూస్తే ఆవిడ మాట అక్షరాలా నిజం. మనీ ప్లాంట్, సింగోనియం, అగ్లోనిమా, పీస్ లిల్లీ, జీజీ ప్లాంట్, నర్సరీలో 'నీడకు వస్తాయి' అని అమ్మే వాటిలో సగానికి సగం చేమ, కంద కుటుంబమే. అదే కుటుంబం, అదే దురద, ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. చంటిపిల్లలు, పిల్లులు నమిలితే నోరు వాచిపోతుంది. కత్తిరించేటప్పుడు చేతికి కవర్ తొడుక్కోవాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, ఇక్కడ దురదంతా కత్తిపీటదే. మనీ ప్లాంట్ సొంతూరు పసిఫిక్ సముద్రంలో మోరియా అనే దీవి, జీజీది తూర్పు ఆఫ్రికా. ఎక్కడెక్కడివో తిరిగి తిరిగి వచ్చి, మన ఫ్లాట్లలో నీళ్లు పారే గదిలోనే చేరాయి. చేమ దొడ్లోంచి పోయింది, దాని బంధువులు డ్యూటీకి వచ్చాయి. ఈ సంగతి తెలిశాక మా అత్తగారి ఆక్షేపణ సగం తగ్గింది. "చేమ అయితే సరే" అన్నారు, అదేదో ఊరివాళ్లు వచ్చినట్టు.

డ్యూటీ అన్నాను కదా, అది ఇలా. నా దగ్గర మూడు చిన్న కుండీలు ఒకే సైజువి ఉన్నాయి. ఆకుపచ్చ అగ్లోనిమా, సింగోనియం, మనీ ప్లాంట్. ఒక్కొక్కటి రెండు వారాలు వెంటిలేటర్ గట్టు మీద, నాలుగు వారాలు బాల్కనీ నీడలో. 430 లక్స్ అనేది మొక్క బతికి ఉండటానికి సరిపోతుంది, పెరగడానికి చాలదు. రెండు వారాల్లో అది దాచుకున్న దాంట్లోంచి ఖర్చు పెడుతుంది, తర్వాత బాల్కనీలో మళ్లీ సంపాదించుకుంటుంది. తిరిగి తెచ్చిన రోజే ఎండలో పెట్టకూడదు, ఆకు మాడుతుంది. ఎర్ర అగ్లోనిమా కొనకండి, వెలుతురు తగ్గితే రంగు వెలిసి ఖరీదు మాత్రం మిగులుతుంది. మనీ ప్లాంట్ మీద పసుపు చారలు కూడా అంతే, నీడలో పచ్చగా మారిపోతాయి. బాధ పడనక్కర్లేదు, అది తన పొట్ట కోసం చేసుకునే ఏర్పాటు. బాత్రూమ్ వారాల్లో నీళ్లు సగం పోస్తే చాలు. మట్టిలో వేలు పెట్టి చూసి, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే.

ఇంకొక పాఠం దోమలది. మొదట్లో మనీ ప్లాంట్‌ని మట్టి లేకుండా గాజు సీసాలో నీళ్లలో పెట్టాను, ముచ్చటగా ఉంటుందని. పది రోజుల తర్వాత సీసా ఎత్తి వెలుతురులో చూస్తే వేళ్ల మధ్య తోకలు ఊపుతూ పురుగులు. కొన్ని తలకిందులుగా నీటి పైకి వేలాడుతున్నాయి, సీసా కదిలిస్తే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతున్నాయి. నా ఒళ్లు జలదరించింది. డెంగీ దోమకు మురికి నీళ్లు అక్కర్లేదు, నిలవ ఉన్న మంచినీళ్లు చాలు, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు. అందుకే శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లు పారబోసే రోజు అని ఆరోగ్యశాఖ వాళ్లు మొత్తుకునేది, 2020లో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని హైదరాబాద్‌లో ప్రచారం చేసింది. వారానికోసారి పారబోస్తే ఆ చక్రం తెగుతుంది. పారబోయడం ఒక్కటే సరిపోదని తర్వాత తెలిసింది. గుడ్లు నీటి అంచు పైన సీసా గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. పీచు పెట్టి తోమాలి. నేను సీసాలే మానేశాను. కుండీ కింద పళ్లెం కూడా పెట్టను, కారిన నీళ్లు ఎలాగూ కమోడ్ పక్కనే పడతాయి, తుడిస్తే పోతుంది.

మా ఆయన వాదన ఒకటుంది, న్యాయంగా అదీ చెప్పాలి. "ఇంత తతంగం ఎందుకు, ప్లాస్టిక్‌ది పెట్టేస్తే?" ఒకసారి నిజంగానే కొనుక్కొచ్చారు, ప్లాస్టిక్ ఐవీ తీగ. మూడు నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అదే దాని గొప్ప అన్నారు. నాలుగో నెల దింపి చూస్తే ఆవిరికి దుమ్ము అంటుకుని ప్రతి ఆకు మీదా జిడ్డు పొర. సబ్బుతో, పాత బ్రష్‌తో ఆకు ఆకునా తోమడానికి ఆయనకే ఒక ఆదివారం పోయింది. అసలు మొక్కకు నేను రెండు వారాలకోసారి చేసేది గట్టు మీంచి దించి ఇంకోటి ఎక్కించడం, ఐదు నిమిషాలు. ప్లాస్టిక్ తీగ ఇప్పుడు అటక మీద ఉంది.

వెంటిలేటర్ అసలు లేని బాత్రూమ్‌లు కూడా ఉన్నాయి, ఎగ్జాస్ట్ పైపు ఒక్కటే ఉండేవి. అక్కడ మొక్క పెట్టాలంటే ఒకటే దారి, అద్దం పైన హోల్డర్‌లో తొమ్మిది వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బు రోజుకు పది గంటలు వేసి, మొక్కను దానికి అడుగు దూరంలో ఉంచడం. నెలకు 2.7 యూనిట్లు, బిల్లు పెద్దగా తెలియదు. కానీ పగలంతా ఖాళీ బాత్రూమ్‌లో లైటు వెలుగుతుంటే మన ఇళ్లల్లో ఎవరో ఒకరు ఆర్పేస్తారు. మా ఇంట్లో అయితే పది నిమిషాలు కూడా వెలగదు. యాసిడ్ పోసి బాత్రూమ్ కడిగే రోజు మొక్కను బయట పెట్టడం కూడా మరవకూడదు, ఆ ఘాటుకు ఆకు కొసలు మాడిపోతాయి.

ఇంత చేసి అంతా కుదిరిందనుకుంటే, పోయిన నెల మా వెంటిలేటర్ తెరుచుకునే డక్ట్ (గాలి, వెలుతురు కోసం ఫ్లాట్ల మధ్య వదిలిన సందు) పైన పావురాలు చేరుతున్నాయని, వాన లోపలికి పడుతోందని అసోసియేషన్ వాళ్లు నీలం రంగు రేకు కప్పించారు. నాకు చెప్పలేదు, చెబుతారని కూడా అనుకోలేదు, బాత్రూమ్ వెలుతురు గురించి అడిగేవాళ్లు ఉంటారని ఎవరనుకుంటారు. అగ్లోనిమా ఆకులు గట్టు మీద కాస్త వాలినట్టు అనిపించి మళ్లీ యాప్ తీసి చూశాను. 140. వచ్చే ఆదివారం మీటింగ్ ఉంది. పావురాల వల వేసి, దాని మీద నీలానికి బదులు తెల్లటి పారదర్శక షీటు వేయించమని అడగబోతున్నాను, తేడా డబ్బు నేను పెట్టుకుంటాను. కింది అంతస్తు ఆవిడ కూడా వస్తానన్నారు. ఆవిడకు మొక్కల్లేవు, పొద్దున పూట బాత్రూమ్‌లో లైటు వేయకుండా పని జరిగేది, ఇప్పుడు జరగట్లేదట. అప్పటిదాకా గట్టు ఖాళీ. మూడు కుండీలూ బాల్కనీలోనే ఉన్నాయి.